వెయ్యి రోజుల బోర్డు

సేఫ్టీ ఆఫీసరుగా ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసి ఉద్యోగ విరమణ చేశాను. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు కలిసినప్పుడు, "మీరు చూసినవాటిలో పెద్ద ప్రమాదం ఏది సార్?" అని అడుగుతుంటారు. పేలుడు గురించో, ఎత్తు నుంచి జారిపడిన మనిషి గురించో చెబుతానని కుర్చీ ముందుకు జరుపుకుంటారు. నేను చెప్పే ప్రమాదం పొడవు రెండున్నర మిల్లీమీటర్లు. దాన్ని చిన్న గాజు సీసాలో వేసి మూత బిగించారు. ఆ సీసా ఇప్పటికీ కోడుమూరులో ఒక నేతగాళ్ళ ఇంట్లో ఉంది.

మాది సిమెంటు కర్మాగారం. కర్నూలు, కడప జిల్లాల మధ్య, సున్నపురాయి తప్ప మరేదీ నమ్మకంగా దొరకని నేల మీద కట్టారు. గేటు దాటగానే ఎడమ చేతి వైపు ఎర్ర దీపాల అంకెలతో ఒక బోర్డు ఉంటుంది: ప్రమాదం లేకుండా గడిచిన రోజులు. ప్రతి ఉదయం ఆరు గంటలకు అంకె ఒకటి పెరుగుతుంది. ప్రమాదం జరిగితే సున్నాకు దిగుతుంది. దిగాలో వద్దో తేల్చి చెప్పవలసిన మనిషిని నేను.

ఇక్కడ ఒక నియమం వివరించక తప్పదు. ప్రతి దెబ్బా బోర్డును సున్నా చేయదు. దెబ్బ తగిలిన మనిషి తన మరుసటి షిఫ్టుకు రాలేకపోతేనే అది పనిదినం పోయిన ప్రమాదం. వస్తే అది ప్రథమ చికిత్స మాత్రమే. రిజిస్టరులో ఒక వరుసతో సరి. నియమం రాసినవాళ్ళ ఉద్దేశం మంచిదే. మావాళ్ళు దానికి ఒక ఉపాయం కనిపెట్టారు. కాలు బెణికినవాణ్ణీ, వేలు నలిగినవాణ్ణీ మరునాడు జీపు పంపి పిలిపించి, టూల్‌రూములో ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, సాయంత్రం మళ్ళీ జీపులో ఇంటి దగ్గర దింపేవారు. హాజరు పడుతుంది. పనిదినం పోదు. బోర్డు కదలదు. దీన్ని మావాళ్ళు 'కుర్చీ డ్యూటీ' అనేవారు. ఆ కుర్చీ నీలం రంగుది. దాని కుడి చెయ్యి విరిగి ఉండేది. విరిగిన కుర్చీలో మనిషిని కూర్చోబెట్టరాదని సేఫ్టీ ఆఫీసరుగా నేను అభ్యంతరం రాయాలి. అది కూడా రాయలేదు.

వెయ్యి రోజులు నిండితే యాంత్రిక విభాగానికి బహుమానం ఉంటుందని యూనిట్ హెడ్ ప్రకటించారు. విమానంలో ఢిల్లీకి, అక్కడి నుంచి బస్సులో ఆగ్రాకు వెళ్ళి, గైడును వెంటబెట్టుకుని తాజ్‌మహల్, కోట చూసి, అదే రోజు విమానంలో తిరిగి రావడం. ఒక్క రోజే ఎందుకంటే, ఇరవై ముగ్గురు ఫిట్టర్లనూ వెల్డర్లనూ రెండో రోజుకు వదిలితే సున్నపురాయి కాల్చే కొలిమి దగ్గర చెయ్యి వేసేవాడు ఉండడు. ఇరవై నాలుగోవాణ్ణి నేను. మాలో అంతకు ముందు విమానం ఎక్కినవాళ్ళం ఇద్దరమే. బద్వేలు నుంచి వచ్చిన మా ఫోర్‌మన్ అయితే, తాను పుట్టి పెరిగాక మొక్కుబడికి అహోబిలం దాకా పోవడమే దూర ప్రయాణమని చెప్పేవాడు.

గుంపు టికెట్లు ముందుగా తీసుకోవాలి కనుక తొమ్మిది వందల అరవయ్యో రోజునే అందరి ఆధార్ కార్డులు పోగుచేసి టికెట్లు వేయించారు. అంకె కంటే ముందే టికెట్లు వచ్చాయి. ఆ నలభై రోజుల్లో ఏదైనా ప్రమాదం జరిగితే, అది జరగలేదని చెప్పుకోవడానికి కావలసిన ఏర్పాటంతా ఆనాడే పూర్తయిందన్నమాట. నాకు ఆ సంగతి అప్పుడు తోచలేదు. ప్రయాణికుల జాబితా కింద తేదీ వేసి సంతకం చేశాను.

తొమ్మిది వందల తొంభై ఆరో రోజు గురువారం. సున్నపురాయిని పగలగొట్టే క్రషరులో అరిగిపోయిన సుత్తెలను మారుస్తున్నారు. వాటిని పట్టి ఉంచే ఇరుసు బిగుసుకుపోయింది. ఒక ఫిట్టరు దానికి ఉలి ఆనించి, సమ్మెటతో కొట్టి కదిలిస్తున్నాడు.

ఈ ఫిట్టరు గురించి చెప్పాలి. అప్పటికి నలభై ఏళ్ళవాడు. కోడుమూరులో నేతగాళ్ళ ఇంట పుట్టి, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చోవడం ఇష్టంలేక ఐటీఐ చదివాడు. అతని భార్య మాత్రం మగ్గం మానలేదు. చిన్నప్పుడు పోగులు చూసి చూసి పదునెక్కిన కన్నేమో, బేరింగులో ఎంత సందు ఉందో గేజి పెట్టకముందే చెప్పేవాడు. ఆ తర్వాత గేజి పెడితే, అతని మాటకూ కొలతకూ తేడా మిల్లీమీటరులో పదో వంతు దాటేది కాదు. నాకు నమ్మకం కుదరక రెండుసార్లు పరీక్షించాను. రెండుసార్లూ అతనే నెగ్గాడు.

ఉలి తల దెబ్బలు తిని తిని పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. ఆ అంచు పెళుసెక్కుతుంది. ఎప్పుడో ఒక దెబ్బకు ముక్క లేచి తూటాలా పోతుంది. వారం కిందటి తనిఖీలో ఆ ఉలి మీద నేను ఎర్ర సుద్దతో గీత గీశాను. అరగదీయించకుండా వాడరాదని దాని అర్థం. ఎవరూ అరగదీయించలేదు. అరగదీయించారా లేదా అని నేనూ మళ్ళీ వెళ్ళి చూడలేదు. రక్షణ కళ్ళద్దాలు ఫిట్టరు నుదుటి మీద ఉన్నాయి. చెమటకు దుమ్ము పట్టి ఏమీ కనబడక పైకి నెట్టుకున్నానని తర్వాత చెప్పాడు.

ఫోర్‌మన్ అతణ్ణి వెంటబెట్టుకుని ప్రథమ చికిత్స గదికి వచ్చాడు. నన్ను పిలిపించారు.

"ఏం లే సార్, నలుసు పడినట్టుండాది," అన్నాడు ఫిట్టరు, ఎడమ కన్ను మూసుకుని నవ్వుతూ.

రెప్ప ఎత్తి చూశాను. నల్లగుడ్డు అంచున వెంట్రుక మందాన చిన్న గీత ఉంది. రక్తం లేదు. పెద్ద నొప్పి కూడా లేదన్నాడు.

"సమ్మెట కొడుతుంటే పడిందా, గాలికి పడిందా?" అని అడిగాను.

అతను ఫోర్‌మన్ వైపు చూశాడు. ఫోర్‌మన్ నా వైపు చూశాడు.

"సార్, ఇంగ నాలుగు దినాలే ఉండాది," అన్నాడు ఫోర్‌మన్. "ఒక్కొక్కడు కొత్త ప్యాంట్లు కుట్టిచ్చుకోని కూసున్యాడు. విమానంలో కడుపులో తిప్పుతాదని నా పెండ్లాము ఉప్పులో నిమ్మకాయలు గూడా ఊరేసింది."

"నేను అడిగింది సమ్మెట గురించి."

"సమ్మెట యాడికి పోతాది సార్? ఆడనే ఉండాది."

ఫిట్టరు మళ్ళీ నవ్వాడు. "నాకేం కాలేదు సార్. నా ఒక్కని మూలాన బోర్డు సున్నాకొస్తే రేపు క్యాంటీన్లో నా మొగం యాడ పెట్టుకునేది? కడిగి సుక్కలేయండి. రేపొచ్చి ఆ కుర్చీలో కూసుంటా."

సుత్తె దెబ్బ మీద కంటికి ఏది తగిలినా, నొప్పి ఉన్నా లేకపోయినా, ఎక్స్‌రే తీయించి తీరాలి. సన్నని ఉక్కు ముక్క గుడ్డును చీల్చుకుని లోపలికి పోతే, అది పోయిన దారి దానంతట అదే మూసుకుంటుంది. పైకి ఏమీ కనబడదు. ఈ వాక్యాన్ని నేను శిక్షణ తరగతుల్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆ గది గోడకు అంటించిన కాగితం మీద నా చేతిరాతతోనే ఉంది. ఆ కాగితానికి వీపు పెట్టి కూర్చుని రిజిస్టరులో ఇలా రాశాను: "మధ్యాహ్నం మూడు గంటలు. ఎడమ కంట్లో నలుసు. నీటితో కడగడమైనది. చుక్కల మందు వేయడమైనది. పనికి తిరిగి వెళ్ళినాడు."

సాయంత్రం ఫోర్‌మన్ ఆ ఉలిని గ్రైండరుకు పట్టించి తల నున్నగా అరగదీయించాడు. దానితోపాటు నా ఎర్ర గీత కూడా పోయింది. వారం రోజులుగా అమలుకాని నా ఆదేశం ఆ విధంగా అమలయింది.

శుక్రవారం, శనివారం ఫిట్టరు నీలం కుర్చీలో కూర్చున్నాడు. శనివారం దగ్గరికి వెళ్ళి, ఎలా ఉందని అడిగాను.

"మసి పట్టిన లాంతరు గలాసులోంచి సూసినట్టుండాది సార్. తగ్గుతాదిలే."

ఇంకో రకం చుక్కల మందు ఇచ్చాను. ఇప్పుడు చదువుతున్న మీరు 'ఆ మాట విన్నాక కూడానా' అనుకుంటారు. అవును, ఆ మాట విన్నాక కూడా. మనిషి ఒక తప్పును రిజిస్టరులో ఎక్కించాక, ఆ తర్వాత కళ్ళెదుట కనబడేదాన్నంతా ఆ వరుసకు సరిపోయేటట్టు చూడడం మొదలుపెడతాడు. నేను చదివిన ఏ భద్రతా పాఠంలోనూ ఈ ప్రమాదం లేదు.

సోమవారం ఉదయం ఆరు గంటలకు బోర్డు మీద వెయ్యి పడింది. లడ్డూలు పంచారు. బోర్డు కింద నిలబడి ఫోటో తీసుకున్నారు. ఫిట్టరు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చాడు.

"ఏమప్పా, విమానం ఎక్కకముందే హీరో అయిపోతివే!" అని ఒక వెల్డరు అరిచాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

మంగళవారం ప్రయాణం. హైదరాబాదు విమానాశ్రయంలో తనిఖీవాళ్ళు ఫోర్‌మన్ నిమ్మకాయల డబ్బాను ఊరగాయ కింద కట్టి తీసేసుకున్నారు. "నా పెండ్లాము ఊరేసినాది రా నాయనా, నీకేం తెలుసు దాని రుచి!" అంటూ ఆయన మెట్లు ఎక్కేవరకూ వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. విమానంలో ఫిట్టరుకు ఎడమవైపు కిటికీ సీటు వచ్చింది. నా సీటు అతని వెనక వరుసలో. మబ్బులు కనబడగానే అందరూ కిటికీ వైపు తల తిప్పారు. అతను మాత్రం భుజాలతో సహా పూర్తిగా తిరిగి, ముక్కు గాజుకు ఆనించి చూశాడు. కుడి కన్ను కిటికీ దాకా రావాలంటే అంత తిరగాలి. నాకు ఆ కోణం కొలిచినట్టు తెలిసిపోయింది. కళ్ళు మూసుకుని నిద్ర నటించాను.

ఆగ్రాలో మాకు దొరికిన గైడు పెద్ద వయసు మనిషి. చేతిలో పసుపు జెండా, మణికట్టుకు పెద్ద గడియారం. "తాజ్‌కు గంటా నలభై నిమిషాలు. కోటకు యాభై నిమిషాలు. నాలుగున్నరకు బస్సు కదులుతుంది, ఎవరి కోసమూ ఆగదు," అని ముందే చెప్పాడు. అతను మాట్లాడేది హిందుస్తానీ. మావాళ్ళు తురకల వీధుల పక్కన పెరిగినవాళ్ళు కాబట్టి అర్థం చేసుకోవడానికి ఇబ్బంది పడలేదు. అతని కచ్చితత్వం నాకు నచ్చింది.

తాజ్‌మహల్ ముందు నిలబెట్టి, నాలుగు మూలల మీనార్లు నిటారుగా లేవనీ, కాస్త బయటికి వాలి ఉన్నాయనీ చెప్పాడు గైడు. ఎప్పుడైనా కూలితే సమాధి మీద పడకుండా దూరంగా పడాలని అలా కట్టారట. పడిపోవడాన్ని కూడా ముందే ఊహించి కట్టినవాళ్ళ పని చూస్తే నాకు ముచ్చటేసింది. ఒక వెల్డరు ఫిట్టరు భుజం తట్టాడు.

"ఏమప్పా, గేజి కన్ను! ఎంత వాలినాయో చెప్పు సూద్దాం."

ఫిట్టరు నల్లద్దాలు తీసి మీనారు వైపు చాలాసేపు చూశాడు.

"ఈ పొద్దు చెప్పలేను లేప్పా," అన్నాడు.

పదిహేనేళ్ళలో అతని నోట ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి. తర్వాత అతను గోడల దగ్గరికి వెళ్ళి, పాలరాతిలో పొదిగిన రంగురాళ్ళ పువ్వులను ఒక్కొక్కటీ ఫోనులో ఫోటో తీసుకున్నాడు. అన్ని ఎందుకని అడిగితే, "మా ఇంటామె అడిగినాది సార్. ఆ పువ్వులు బాగా సూసుకోని రా, చీర అంచులోకి దించుతా అనింది," అన్నాడు.

కోటలో ఒక పాలరాతి మండపం ఉంది. కన్నకొడుకు చెరలో పెట్టిన ముసలి చక్రవర్తి, కడపటి రోజుల్లో అక్కడి నుంచే తాజ్‌మహల్‌ను చూస్తూ గడిపాడని గైడు చెప్పాడు. మావాళ్ళు చక్రవర్తి స్థానంలో నిలబడి వంతులవారీగా ఫోటోలు దిగారు. ఫిట్టరు నా పక్కకు వచ్చాడు. అద్దాలు తీసేసి, కుడి కన్నును అరచేత్తో కప్పుకున్నాడు.

"సార్, తాజ్‌మహల్ ఎటు పక్కుండాది?"

"ఎదురుగానే ఉంది."

"ఎదురుగా అంతా తెల్లగానే ఉండాది సార్. నది అట్లనే ఉండాది, ఆకాశమూ అట్లనే ఉండాది." చెయ్యి తీయకుండానే మెల్లగా అన్నాడు: "తెల్లారుజాము నుంచి శానా నొప్పిగా ఉండాది. చెప్తే మీరు బస్సులోనే కూసోబెడతారని చెప్పలే."

గడ్డం పట్టుకుని అతని ముఖాన్ని వెలుతురుకు తిప్పాను. కంటిపాప నల్లగా ఉండవలసిన చోట పలచని మజ్జిగ రంగు ఉంది. తెల్లగుడ్డు ఎర్రబడింది. రెప్ప వాచింది. లోపల ఉక్కు ఉందని అప్పుడు తెలిసిందని రాయబోయాను. అది నిజం కాదు. గురువారమే తెలుసు. అప్పుడు ఒప్పుకున్నాను, అంతే.

దగ్గర్లో కంటి ఆసుపత్రి ఉందా అని గైడును అడిగాను.

"పది నిమిషాల దూరం సాబ్. పెద్ద ఆసుపత్రి. నేనే ఆటో పిలుస్తాను."

గడియారం చూశాను. నాలుగింటికి అయిదు నిమిషాలు తక్కువ. మేమిద్దరం ఆగిపోతే మిగిలినవాళ్ళు ఏ ఆటంకమూ లేకుండా వెళ్ళిపోతారు. విమానంలో రెండు సీట్లు ఖాళీగా పోతాయి. నష్టమంటే అంతే. ఈలోగా ఫోర్‌మన్ వచ్చాడు. ఫిట్టరు కన్ను చూసి ఆయన ముఖం కూడా పాలిపోయింది.

"ఈడ చేరిస్తే ఎన్ని దినాలు పెట్టుకుంటారో, ఏం రాస్తారో సార్," అన్నాడు. "తెల్లారేసరికి కర్నూల్లో ఉంటాం కదా. మనోళ్ళకే సూపిద్దాం."

'ఏం రాస్తారో' అన్న మాట నా పని పట్టింది. ఆసుపత్రిలో మొదట అడిగేది ఎలా తగిలింది, ఎప్పుడు తగిలింది అనే. సమ్మెట దెబ్బకు తగిలింది, గురువారం తగిలింది అని చెప్పాలి. ఆ తేదీ వేరే ఊరి ఆసుపత్రి కాగితం మీద, వేరే వాళ్ళ చేతిరాతలో ఉంటుంది. మా వెయ్యి రోజుల పండుగకు నాలుగు రోజుల ముందు తేదీ. విమానం తప్పిపోతుందని నేను భయపడలేదు. ఆ తేదీకి భయపడ్డాను.

గైడు మా ముఖాలు చూసి, "సాబ్, విమానాలు రేపు కూడా ఉంటాయి," అన్నాడు.

ఫిట్టరు మధ్యలో నిలబడి, "మీరెట్ల చెప్తే అట్ల సార్," అన్నాడు.

"పొద్దున్నే కర్నూల్లో చూపిద్దాం," అన్నాను.

నాలుగున్నరకు బస్సు కదిలింది. ఇంత సమయపాలన ఉన్న గుంపును ఈ ఏడాదిలో చూడలేదని గైడు మమ్మల్ని మెచ్చుకుని దిగిపోయాడు. నాతో కరచాలనం మాత్రం చేయలేదు. తిరుగు విమానంలో ఫిట్టరు ముందు సీటుకు నుదురు ఆనించి, తువ్వాలు నోట్లో కుక్కుకుని కూర్చున్నాడు. ఫోర్‌మన్ దిగేదాకా అతని చెయ్యి వదల్లేదు. ఒక్కరు కూడా కిటికీలోంచి చూడలేదు.

బుధవారం ఉదయం కర్నూలు కంటి ఆసుపత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసింది.

"లోపల లోహపు ముక్క ఉంది. చీము పట్టింది. తగిలి ఎన్ని రోజులైంది?"

ఫిట్టరు నా వైపు చూశాడు. "ఆరు," అన్నాను.

"ఆరు రోజులా? ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?"

ఫోర్‌మన్, "ఆగ్రాకు పోయొచ్చినాం తల్లీ," అన్నాడు. ఆయన వెటకారమాడుతున్నాడనుకుని ఆమె కోప్పడింది.

ముక్కను తీయగలిగారు. చూపును తేలేకపోయారు. మొదటి రోజే తెచ్చి ఉంటే నిలిచేదని ఆమె నాతో విడిగా చెప్పింది. బయటికి తీసిన ముక్కను కొలిచి, సీసాలో వేసి, ఫిట్టరు చేతికి ఇచ్చింది.

వారం తర్వాత యూనిట్ హెడ్ నన్ను పిలిచారు. నివేదిక టైపు చేయించి సిద్ధంగా ఉంచారు. విహారయాత్ర సమయంలో, కర్మాగారం వెలుపల, కంట్లో దుమ్ము పడి చీము పట్టినట్టు రాసి ఉంది. ఆగ్రా దుమ్ములో ఉక్కు ఉండదని ఆయనకు తెలియక కాదు. లోహశాస్త్రం చదివిన మనిషి.

"మీ రిజిస్టరు చూశాను. గురువారం నాటిది నలుసు, కడిగారు, పనికి వెళ్ళాడు. చాలా స్పష్టంగా రాశారు," అన్నారు.

నా ఉద్యోగంలో నా రాతకు దక్కిన ప్రశంసలలో అది చివరిది. సంతకం చేశాను. మరునాడు ఉదయం ఆరు గంటలకు బోర్డు మీద అంకె ఒకటి పెరిగింది.

ఒంటి కన్నుతో ఫిట్టరు పనికి తగడని వైద్య పరీక్షలో తేల్చి అతణ్ణి ఇంటికి పంపారు. అతను కార్మిక శాఖకు ఫిర్యాదు పెట్టుకున్నాడు. ఏడాది తర్వాత కడపలో విచారణ జరిగింది. అతను సీసా తెచ్చి బల్ల మీద పెట్టాడు. కర్మాగారం తరఫు వకీలు ఉలిని తెప్పించి పక్కన పెట్టాడు. దాని తల అద్దంలా నున్నగా ఉంది. ఇందులోంచి ముక్క ఎక్కడ లేచిందో చూపించమన్నాడు. ఫిట్టరు ఉలిని చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, కింద పెట్టేశాడు. ఫోర్‌మన్ ఆ రోజు సెలవు పెట్టాడు.

విచారణాధికారి నన్ను రెండే ప్రశ్నలు అడిగాడు. రిజిస్టరులోది మీ చేతిరాతేనా? అవును అన్నాను. మీరు అదనంగా చెప్పవలసింది ఏమైనా ఉందా?

నాకు ఉద్యోగ విరమణకు రెండేళ్ళు మిగిలి ఉన్నాయి. ఆ మాట ఇక్కడ సాకుగా రాయడం లేదు. లెక్క పూర్తి కావడానికి రాస్తున్నాను.

"లేదు," అన్నాను.

ఫిట్టరు నన్ను చూసిన చూపులో కోపం లేదు. బేరింగులో సందు చెప్పేముందు చూసినట్టు, ఒక్క కంటితో, కొలుస్తున్నట్టు చూశాడు.

రిటైరయ్యాక మూడేళ్ళకు పైగా నా దగ్గర పని లేదు, సాకు కూడా లేదు. కిందటి ఏడాది కూర్చుని, జరిగినదంతా నాలుగు పేజీలు రాసి, ప్రతి పేజీ కింద సంతకం చేసి, కోడుమూరుకు బయలుదేరాను. బస్సు మా కర్మాగారం గేటు ముందు నుంచే వెళ్ళింది. బోర్డు వెలుగుతూనే ఉంది. టూల్‌రూములో ఇప్పుడు కుర్చీలు రెండయ్యాయని విన్నాను.

ఇంట్లో అతని భార్య మగ్గం మీద ఉంది. అతను గోడవార కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుడుతున్నాడు. మగ్గం ఎక్కలేని ముసలివాళ్ళు చేసే పని అది. అతనికి యాభై కూడా నిండలేదు. మగ్గం మీది చీర అంచు సాదాగా ఉంది, పువ్వులు లేవు. నన్ను చూసి అతను లేవబోయాడు. ఆమె లేవలేదు.

కాగితాలు ఇచ్చాను. అతను తీసుకోలేదు.

"మీరే సదివి ఇనిపియ్యండి సార్," అన్నాడు.

మొదటి పేజీ చదవడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం మూడు గంటలకు అనే దగ్గర అతను చెయ్యి ఎత్తి ఆపాడు.

"మూడు కాదు సార్. రెండున్నర. ఇంగా టీ బండి రాలే."

ప్రమాదం జరిగిన సమయం రెండున్నర. నేను గదిలోకి వచ్చిన సమయం మూడు. రిజిస్టరులో నేను వచ్చిన సమయమే రాసుకున్నాను, మళ్ళీ అదే ఇక్కడికి ఎక్కించాను. కలం తీసి, అంకె కొట్టేసి, సరిదిద్ది, పక్కన పొట్టి సంతకం పెట్టాను. ఆఖరి వరకూ చదివాను. మగ్గం చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది.

"దీంట్లో ఒక్క ముక్క ఆ పొద్దు కడపలో చెప్పింటే సాలు కదా సార్," అంది ఆమె. "నాలుగు పేజీలు ఎవురడిగినారు మిమ్మల్ని?"

ఒక ప్రతిని కార్మిక శాఖకు రిజిస్టర్డ్ పోస్టులో పంపానని మాత్రం చెప్పాను. ముట్టినట్టు రసీదు వచ్చింది. ఇవాళ్టికీ వచ్చింది ఆ రసీదొక్కటే.

అతను కాగితాలు మడిచి గూట్లో పెట్టాడు. సీసా అక్కడే ఉంది. మళ్ళీ రాట్నం ముందు కూర్చుంటూ అడిగాడు:

"గేటు ముందర్నుంచే కదా వచ్చింటారు. బోర్డు మీద ఎంతుండాది సార్?"

"మూడు వేల నాలుగు వందల పన్నెండు."

అతను పైకి చూసి, పెదవులు కదిలిస్తూ లెక్క వేశాడు.

"దాంట్లో తొమ్మిది నూర్ల తొంభై ఆరు తీసేస్తే... రెండు వేల నాలుగు నూర్ల పదహారు." భార్య వైపు తిరిగాడు. "నా కన్ను పోయి ఎన్ని దినాలాయెనో మనం ఎంచుకునే పనే లేదు సూడు. దినామూ పొద్దున ఆరు గంటలకు వాళ్ళే ఎంచి, ఎర్ర లైట్లేసి పెడతాండారు."

కండె నిండింది. తీసి బుట్టలో వేశాడు. ఇంకొకటి తొడగడానికి కదురు కొస ఎక్కడుందో వేళ్ళతో తడుముకుంటూ వెతికాడు. మొదటిసారి తప్పిపోయింది. రెండోసారి దొరికింది.